ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం, దానికి కలిపిన సముద్రగుర్రాల ట్యాంకు

సముద్రపు చేపలు, రొయ్యలు, నత్తలు, పగడాల వంటి జీవుల కోసం, సముద్రపు నీటికి సరిసాటి నీటిని తయారుచేసి ఇంట్లో నిలిపే గాజు తొట్టే ఉప్పునీటి అక్వేరియం. సముద్రగుర్రాలు వడి చేపలతో పోటీపడి తినలేవు. అందుకే వాటికి పక్కనే వేరే ట్యాంకు కట్టి, రెండింటి నీటినీ కింద ఒకే సంపులో కలిపి శుద్ధి చేసే పద్ధతి ప్రపంచంలో చాలాచోట్ల ఉంది. ఈ వ్యాసం ఆ ఏర్పాటును సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల నీళ్లు, ఎండలు, కరెంటు దృష్టితో వివరిస్తుంది. ఈ మూడు ఊళ్ల నుంచి ఏ దారిన వెళ్లినా సముద్రం 150 కి.మీ. పైనే. ఇక్కడి వాళ్లకు తెలిసిన చేపలు మూసీవి, నాగార్జునసాగర్ ఎడమ కాలువవి, ఊరి చెరువులవి. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను కూడా మంచినీటిదే.

మొదటే చెప్పవలసిన సంగతి ఒకటుంది. భారతదేశంలో సముద్రగుర్రాన్ని ఇంట్లో పెంచడం నేరం.

చట్టం

సముద్రగుర్రాలు, వాటి దగ్గరి చుట్టాలైన పైప్‌ఫిష్‌లు సింగ్నాతిడే కుటుంబానికి చెందినవి. ఈ కుటుంబం మొత్తాన్నీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. అదే ఏడాది రాతి పగడాలు, నల్ల పగడాలు, అగ్ని పగడాలు, సముద్రపు విసనకర్రలు కూడా ఆ జాబితాలోకి వచ్చాయి. పట్టడం, అమ్మడం, కొనడం, దగ్గర ఉంచుకోవడం అన్నీ నిషేధమే. వలలో పొరపాటున పడిన సముద్రగుర్రాన్ని కూడా ఒడ్డుకు తెచ్చి అమ్మకూడదు. అంతర్జాతీయంగా సముద్రగుర్రాల ప్రజాతి హిప్పోకాంపస్ అంతా, వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. ఆ నిబంధన 2004 మే నుంచి అమల్లోకి వచ్చింది.

ఈ కట్టడికి బలమైన కారణమే ఉంది. మన్నార్ సింధుశాఖ, పాక్ జలసంధి తీరాల్లో 1990ల నుంచి ఎండబెట్టిన సముద్రగుర్రాల వ్యాపారం పెద్దఎత్తున సాగింది. తూర్పు ఆసియా సంప్రదాయ వైద్యాల్లో వాటికి గిరాకీ ఎక్కువ. కోరమాండల్ తీరమంతటా, ఆంధ్ర తీరంలో సైతం, ట్రాలర్ వలల్లో రొయ్యలతో పాటు అవీ చిక్కుతాయి. గడ్డి మొలిచిన లోతులేని సముద్రంలో, ఒక్కో చోటునే అంటిపెట్టుకుని, జంటగా బతికే ప్రాణులు కావడంతో ఒకచోట తరిగితే పక్క చోటు నుంచి వచ్చి చేరడం నెమ్మది.

కాబట్టి హైదరాబాదులోనో చెన్నైలోనో ఎవరైనా దుకాణదారు “దొరుకుతుంది, తెప్పిస్తాను” అంటే ఆ బేరం అక్కడితో ఆపేయాలి. సముద్రగుర్రాల ట్యాంకు గురించి ఇక్కడ చెప్పేదంతా రెండు అవసరాల కోసం. ఒకటి, హేచరీలో పుట్టిన సముద్రగుర్రాలను చట్టబద్ధంగా పెంచుకోగల అమెరికా వంటి దేశాల్లోని తెలుగువారు. రెండు, అదే నిర్మాణాన్ని వేరే నెమ్మది ప్రాణులకు వాడుకోదలచిన మన ఊళ్ల ఔత్సాహికులు.

కొంత చరిత్ర

గాజు తొట్టిలో సముద్రాన్ని నిలపడం 1850ల నాటి ఇంగ్లండులో ప్రాచుర్యం పొందింది. లండన్ జంతుప్రదర్శనశాలలో 1853లో ప్రజల కోసం చేపల ఇల్లు తెరిచారు. మరుసటి ఏడాది ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన పుస్తకంతో అక్వేరియం అనే మాట ఇంటింటికీ చేరింది. మన ప్రాంతానికి అది తర్వాత వచ్చింది. తెలుగు జిల్లాలకు కూడా అప్పట్లో రాజధాని అయిన మద్రాసులో, మెరీనా ఒడ్డున, 1909లో అక్వేరియం కట్టారు. తర్వాతి కాలంలో విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లోని మత్స్యదర్శిని, చేపల కోసం వెళ్లే తెలుగు పిల్లలకు చిరునామా అయింది.

సముద్రం పక్కన ఉన్నవారికి నీరు చేతికందుతుంది. లోతట్టు ఊళ్లలో ఈ అభిరుచి సాధ్యమైంది కృత్రిమ సముద్ర లవణాలు 1960లలో పొట్లాల్లో అమ్మకానికి వచ్చాకే. దాదాపు అదే కాలంలో ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్, సూక్ష్మజీవులు పట్టిన సముద్రపు రాళ్లనే వడపోతగా వాడవచ్చని చూపించాడు. నేటి ట్యాంకులు చాలావరకు ఆ ఆలోచన మీదే నడుస్తున్నాయి.

ఏ నీళ్లు?

ఈ మూడు పట్టణాల్లో అక్వేరియం గెలిచేదీ ఓడేదీ మొదట నీళ్ల దగ్గరే. ఉమ్మడి నల్లగొండ జిల్లా పేరు వింటే దేశానికి గుర్తొచ్చేది ఫ్లోరోసిస్. నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తొలగించే పద్ధతిని రూపొందిస్తే దానికి ఈ జిల్లా పేరే స్థిరపడింది. విశేషమేమంటే సముద్రపు నీటిలోనూ లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ సహజంగా ఉంటుంది. కనుక సముద్రపు జీవులకు ఫ్లోరైడ్ కొత్తేమీ కాదు. బోరు నీళ్లతో అసలు ఇబ్బంది దానితో పాటు వచ్చే మిగతావాటితోనే. కాఠిన్యం, నైట్రేట్, సిలికా అందులో ఎక్కువగా ఉండవచ్చు. పొలాల ఎరువుల నైట్రేట్, సిలికా కలిసి గాజుకు గోధుమరంగు పాచి పట్టిస్తాయి. పటికతో శుద్ధి చేసిన నీటిలో మిగిలే అల్యూమినియం మెత్తని పగడాలను ముడుచుకుపోయేలా చేస్తుంది. మిషన్ భగీరథ నల్లా నీరు కృష్ణమ్మదే కాబట్టి బోరు కంటే మెరుగు, కానీ అందులో క్లోరిన్ ఉంటుంది.

వీధి చివర ప్లాంటులో అమ్మే 20 లీటర్ల క్యాన్ నీళ్లు చాలామందికి మొదట తోచే దారి. రుచి కోసం కొన్ని ప్లాంట్లు శుద్ధి చేసిన నీటిలో కొంత మామూలు నీరు కలుపుతాయి. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు ముంచి చూస్తే తెలిసిపోతుంది. తాగడానికి 80, 100 చక్కని అంకెలే. అక్వేరియానికి కావలసింది సున్నాకు దగ్గర. ఇంట్లోనే ఆర్.ఓ. యంత్రం పెట్టి, దాని తర్వాత డీఅయొనైజేషన్ రెసిన్ గొట్టం బిగించుకోవడం మేలు. మన బోరు నీళ్ల కాఠిన్యానికి మెంబ్రేన్ త్వరగా పూడుకుపోతుంది. అందువల్ల దానికి నల్లా నీరే ఇవ్వాలి, క్లోరిన్‌ను పీల్చే కార్బన్ గొట్టాన్ని సమయానికి మార్చాలి. యంత్రం వదిలేసే ఉప్పటి వ్యర్థజలాన్ని మొక్కలకు పోయకూడదు. వాకిలి కడగడానికి పనికొస్తుంది.

సూర్యలంక నుంచో మంగినపూడి నుంచో నేరుగా సముద్రపు నీరు తెచ్చుకోవచ్చు కదా అనే ఆలోచన రావడం సహజం. వానాకాలం ముగిసేసరికి కృష్ణా గోదావరుల వరద, ఉత్తరాన గంగా బ్రహ్మపుత్రల నీరు కలిసి బంగాళాఖాతం పై పొరను పలచన చేస్తాయి. తీరం దగ్గర బురద, డ్రైనేజీ, రొయ్యల చెరువుల నీరు కూడా ఉంటాయి. అంత దూరం మోసుకొచ్చాక కూడా నమ్మకం లేని నీటి కంటే పొట్లం ఉప్పే నయం.

వంటింటి ఉప్పు, కల్లుప్పు దీనికి పనికిరావు. అవి దాదాపు పూర్తిగా సోడియం క్లోరైడే. సముద్రపు నీటిలో లీటరుకు మెగ్నీషియం సుమారు 1,300, కాల్షియం 410, పొటాషియం 390 మిల్లీగ్రాములు ఉంటాయి. వీటి సమతూకమే పగడానికి అస్థిపంజరం, రొయ్యకు పెంకు. లవణీయత లీటరుకు 35 గ్రాములు, పీహెచ్ 8.1 నుంచి 8.4 వరకు ఉండాలి. కొలవడానికి రిఫ్రాక్టోమీటర్ నమ్మదగినది. కోస్తా రొయ్యల రైతులు రోజూ వాడే పరికరమే కనుక భీమవరం, నెల్లూరు వైపు సరకులమ్మే దుకాణాల్లో దొరుకుతుంది.

అడుగున పరిచే ఇసుక విషయంలో జాగ్రత్త అవసరం. మూసీ, కృష్ణ ఇసుకలో సిలికా, మట్టి ఉంటాయి. ఉత్తరాంధ్ర తీరపు ఇసుకలో ఇల్మనైట్ వంటి ఇనుము గల ఖనిజాలు కలిసి ఉంటాయి. అరగొనైట్ ఇసుకే కొనాలి. రాళ్లకు వస్తే, మన సముద్రంలోని పగడపు రాళ్లు తీయడం చట్టవిరుద్ధం. సిరామిక్ రాళ్లు, లేదా సిమెంటు కలిపి పోత పోసి నెలల తరబడి నీళ్లలో నానబెట్టిన రాళ్లు సరిపోతాయి. బాక్టీరియాకు కావలసింది ఉండటానికి చిన్న చిన్న రంధ్రాలు.

ఎండ, కరెంటు

మే నెలలో ఈ ప్రాంతంలో పగటి వేడి 44, 45 డిగ్రీలకు చేరుతుంది. గదిలో గాజు తొట్టి నీరు 34 దాటుతుంది. పగడాలకు, క్లౌన్ చేపలకు 25 నుంచి 27 డిగ్రీలు కావాలి. సముద్రగుర్రాలకు ఇంకా తక్కువ, 22 నుంచి 24. వేడి పెరిగితే నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, చేప ఊపిరి వేగం పెరుగుతుంది, విబ్రియో బాక్టీరియా జోరందుకుంటుంది. సముద్రగుర్రాల తోకలు, మూతులు కుళ్లిపోయే జబ్బులకు మూలం ఎక్కువగా ఈ విబ్రియోలే.

మన ఎండాకాలపు గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ముసురు పట్టిన ఆగస్టులో అదే ఫ్యాను అంతగా పనిచేయదు. 34 నుంచి 24కు దించాలంటే నీటిని చల్లబరిచే చిల్లర్ తప్పదు. అది లాగిన వేడిని గదిలోకే వదులుతుంది కనుక గాలి ఆడే చోట, వీలైతే కిటికీ దగ్గర పెట్టాలి. పగలంతా ఏసీ నడిచే గది ఉన్నవారికి చిన్న చిల్లర్ చాలు. ఈ ఖర్చును ముందే లెక్కలో వేసుకోకుండా గాజు తొట్టి కొనేవారే ఎక్కువగా మొదటి వేసవిలో దెబ్బతింటారు.

ఆవిరి కథ వేరు. నీరు పోతుంది, ఉప్పు మిగులుతుంది. తర్వాత వివరించే, మొత్తం 320 లీటర్ల ఏర్పాటులో రోజుకు 6 లీటర్లు ఆవిరై, ఐదు రోజులు ఎవరూ పట్టించుకోకపోతే లవణీయత 35 నుంచి 38 దాటిపోతుంది. నింపవలసింది ఆర్.ఓ. మంచినీరే, ఉప్పునీరు కాదు. ఊరెళ్లే అలవాటున్న ఇంట్లో దానంతట అదే నింపే ఫ్లోట్ వాల్వ్ ఉండి తీరాలి.

కరెంటు పోతే మొదట కొరత వచ్చేది ఆక్సిజన్‌కే. రిటర్న్ పంపు, ప్రవాహపు పంపులు కలిపి 60 వాట్లలోపు ఉంటే మామూలు ఇంటి ఇన్వర్టరు గంటల తరబడి లాగుతుంది. చిల్లర్‌ను దాని మీద వేయకూడదు. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి అదనంగా ఉంచుకోవాలి. వోల్టేజీ హెచ్చుతగ్గులకు స్టెబిలైజర్, షాకు నుంచి కాపాడటానికి ఆర్‌సీసీబీ, వైరు మీదుగా నీటి చుక్క ప్లగ్గులోకి జారకుండా వైరును కిందికి వంచి మళ్లీ పైకి తీసుకెళ్లడం, ఇవి ప్రాణాలకు సంబంధించిన జాగ్రత్తలు. ఉప్పునీటిలో కరెంటు సులువుగా ప్రవహిస్తుంది.

రెండు ట్యాంకులు, ఒకే నీరు

ఒక ఉదాహరణ తీసుకుందాం. పెద్ద ట్యాంకు 90×45×45 సెం.మీ., అంటే సుమారు 180 లీటర్లు. పక్క ట్యాంకు 45×45 అడుగుతో 60 సెం.మీ. ఎత్తు, సుమారు 120 లీటర్లు. సముద్రగుర్రం పొడవుకు నీటి లోతు కనీసం మూడింతలుండాలని నియమం. జంట కట్టే ఆటలో, గుడ్లు మగదానికి అందించే వేళ అవి నీటిలో నిట్టనిలువుగా పైకి లేస్తాయి. లోతు చాలకపోతే గుడ్లు జారిపోతాయి. 15 సెం.మీ. జాతులకు ఈ ట్యాంకు సరిపోతుంది. రెండింటి కింద స్టాండులో 75×40×40 సెం.మీ. సంపు. 45 సెం.మీ. లోతు ట్యాంకుకు 8 మి.మీ. గాజు, 60 సెం.మీ. దానికి 10 లేదా 12 మి.మీ. గాజు వాడాలి. నీరు, రాళ్లు, గాజు అన్నీ కలిపి బరువు 400 కిలోలు దాటుతుంది. ఇనుప స్టాండును ఉప్పు తినేస్తుంది. కాబట్టి ప్రైమర్ మీద రెండు పూతల ఎనామిల్ వేయించాలి.

నీటి దారి ఇలా ఉండాలి: సంపులోని పంపు నుంచి ఒక గొట్టం పైకి వెళ్లి రెండుగా చీలుతుంది. ప్రతి చీలికకూ బాల్ వాల్వు, విప్పుకోవడానికి యూనియన్. రెండు ట్యాంకుల నుంచీ నీరు వేర్వేరు ఓవర్‌ఫ్లో గొట్టాల్లో తన బరువుతోనే సంపులోకి దిగాలి. ఒక ట్యాంకు నుంచి మరొకదానికి, అక్కడి నుంచి సంపుకు పోయేలా వరుసగా కలిపే పద్ధతి చవక, కాని మేలు కాదు. మొదటి ట్యాంకు మురికి రెండో ట్యాంకు మీదుగా పోతుంది, ఒకదాన్ని ఆపి మరోదాన్ని నడిపే వీలుండదు. రాగి, ఇత్తడి ఫిట్టింగులు ఎక్కడా ఉండకూడదు. అణువంత రాగి చాలు, రొయ్యలూ నత్తలూ చస్తాయి.

పంపు ఆగినప్పుడు రెండు ట్యాంకుల్లో పై నీరు కొంత సంపులోకి దిగుతుంది. రెండు సెంటీమీటర్ల చొప్పున లెక్కిస్తే పెద్దదాని నుంచి 8, చిన్నదాని నుంచి 4, గొట్టాల్లో మిగిలింది కలిపి దాదాపు 15 లీటర్లు. సంపులో 30 లీటర్ల ఖాళీ ఉంటే నిశ్చింత. పైకి వెళ్లే గొట్టం కొసన, నీటి మట్టానికి కాస్త కింద చిన్న రంధ్రం వేస్తే గాలి చొరబడి వెనక్కి లాగుడు ఆగిపోతుంది. నీళ్లు నిండిన మొదటి రోజే పంపు స్విచ్ ఆపి, సంపు పొర్లుతుందో లేదో చూడాలి. రాత్రి కరెంటు పోయినప్పుడు తెలుసుకోవడం కంటే అది మంచిది.

సంపులో మొదటి గది వడపోత గుడ్డకు, రెండోది ప్రోటీన్ స్కిమ్మర్‌కు, మూడోది నాచుకు, చివరిది పంపుకు. స్కిమ్మర్ సన్నని బుడగలతో కరిగిన సేంద్రియ పదార్థాన్ని నురుగుగా పైకి తీసి పారేస్తుంది. ఆ బుడగలు పక్క ట్యాంకులోకి చేరకుండా గదుల మధ్య అడ్డుగాజులు ఉండాలి. సముద్రగుర్రాల శరీరంలో గాలి చేరే జబ్బు ఉంది. కారణాలు పలు విధాలు గానీ నీటిలో వాయువులు మితిమీరి కరిగి ఉండటం వాటిలో ఒకటి. ఓవర్‌ఫ్లో నోటికి స్పాంజి తొడగడం ఈ ట్యాంకు ప్రత్యేకత. పట్టు కోసం వెతికే తోక జాలీ సందుల్లో ఇరుక్కుంటుంది.

కలిపి కట్టడంలో లాభం నీటి పరిమాణం. నీరు ఎంత ఎక్కువైతే ఉష్ణోగ్రత, లవణీయత, వ్యర్థాలు అంత నెమ్మదిగా మారుతాయి. స్కిమ్మర్, చిల్లర్ ఒక్కొక్కటి చాలు. నష్టం కూడా ఆ కలయికలోనే ఉంది. పెద్ద ట్యాంకులోకి వచ్చిన తెల్లమచ్చల పరాన్నజీవి గంటల్లో పక్క ట్యాంకుకు చేరుతుంది. దానికి రాగి మందు వేద్దామంటే రొయ్యలు, పగడాలు అదే నీటిలో ఉన్నాయి. సముద్రగుర్రాల మేత మిగులు నైట్రేట్ పెంచి పగడాలను ఇబ్బంది పెడుతుంది. వేడి సంగతి మరీ మొండిది: 24 డిగ్రీలకు రాజీ పడితే పగడాలు బతుకుతాయి, సముద్రగుర్రాలు అంచున ఉంటాయి. యూవీ గొట్టం కొంత కాపాడుతుంది. నాలుగు వారాలకు తక్కువ కాకుండా కొత్త చేపను విడి తొట్టిలో ఉంచడం అంతకంటే ఎక్కువ కాపాడుతుంది. ఆ విడి తొట్టికి తావు, డబ్బు లేనివారు కలిపిన ఏర్పాటు జోలికి వెళ్లకపోవడమే మంచిది.

సైక్లింగ్

కొత్త ట్యాంకు కళ్లకు శుభ్రంగా కనిపించినా ప్రాణులు ఉండటానికి సిద్ధం కాదు. చేపల వ్యర్థం అమ్మోనియా. దాన్ని ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా, మరో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. ఇవి రాళ్లలో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది; ఈ దశనే సైక్లింగ్ అంటారు. ఒక పచ్చి రొయ్యను నీటిలో కుళ్లనిస్తే వాటికి మొదటి ఆహారం దొరుకుతుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చి నిలిచాకే చేప. తర్వాత వారానికి పదో వంతు నీరు మార్చాలి. 320 లీటర్లకు మొదట 12 కిలోల ఉప్పు, వారం వారం కిలో పైచిలుకు ఖర్చవుతుంది.

సముద్రగుర్రం అవసరాలు

ప్రపంచంలో 40కి పైగా జాతులున్నాయి. భారత జలాల్లో కుడ, త్రిమాక్యులేటస్, కెల్లాగి వంటివి కనిపిస్తాయి. సముద్రగుర్రం నిజానికి చేపే. పొలుసులకు బదులు చర్మం కింద ఎముక పలకల వలయాలు, ఈదడానికి సెకనుకు సుమారు 35 సార్లు కొట్టుకునే వెన్ను రెక్క, కొమ్మను చుట్టుకునే తోక దీనివి. పళ్లు లేవు, కడుపు లేదు. మింగింది పేగులోంచి త్వరగా జారిపోతుంది కాబట్టి రోజుకు కనీసం రెండుసార్లు మైసిస్ రొయ్యలు పెట్టాలి. కదలని మేతను అవి గుర్తించేలా అలవాటు చేయడం హేచరీ పిల్లలతో సాధ్యం, సముద్రంలో పట్టినవాటితో చాలా కష్టం. అలా పట్టినవి తొట్టెల్లో ఆకలితోనే ఎక్కువగా చనిపోయేవి. ఇది చట్టానికి అతీతంగా కూడా మనసులో పెట్టుకోవలసిన నిజం.

పిల్లలను మోసేది మగది. ఆడది గుడ్లు అతని పొట్ట సంచిలో పెడుతుంది. రెండు నుంచి నాలుగు వారాలకు వందల పిల్లలు బయటికి వస్తాయి. సముద్రంలో వాటిలో పెద్దయ్యేవి నూటికి ఒకటి కూడా ఉండవు. కలిపిన ట్యాంకులో పుడితే ఓవర్‌ఫ్లో వాటిని సంపులోకి లాగేస్తుంది. కాబట్టి పెంచేవారు గుండ్రటి విడి తొట్టిలో, అప్పుడే పొదిగిన ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి రొయ్యలతో పెంచుతారు. ఆర్టీమియా గుడ్ల డబ్బాలు ఆంధ్ర తీరంలోని ప్రతి రొయ్య హేచరీకీ నిత్యావసరం. 28 డిగ్రీల ఉప్పునీటిలో గాలి ఆడిస్తే ఆ గుడ్లు ఒక్క రోజులో పొదుగుతాయి.

కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ విళింజం కేంద్రంలోను, గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థలోను కుడ జాతిని బంధనంలో పెంచడంపై పరిశోధనలు జరిగాయి. 1998లో హవాయిలో మొదలైన ఓషన్ రైడర్ వంటి హేచరీల వల్ల అమెరికాలో సముద్రంలో పట్టిన సముద్రగుర్రాల అవసరం చాలా తగ్గింది. మన దగ్గర విజ్ఞానం ఉంది, చట్టబద్ధమైన అమ్మకం లేదు.

రెండో ట్యాంకులో ఏముంచాలి?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఈ నెమ్మది ట్యాంకును ఖాళీగా వదలనక్కర్లేదు. కౌలెర్పా, గ్రాసిలేరియా వంటి సముద్రపు నాచులను నింపితే అవి నైట్రేట్ పీల్చుకుని పెద్ద ట్యాంకుకు మేలు చేస్తాయి. వాటి మధ్య పుట్టే కోపిపాడ్లనే సన్నని ప్రాణులు సంపు మీదుగా పైకి చేరి చేపలకు మేత అవుతాయి. నాచుకు వెలుతురు రాత్రి ఇచ్చి, పగడాలకు పగలు ఇస్తే రాత్రిపూట పీహెచ్ పడిపోవడం తగ్గుతుంది. ఈ నాచు తోటలో చిన్న గోబీలు, ఫైర్‌ఫిష్, శుభ్రం చేసే రొయ్యలు హాయిగా ఉంటాయి. ఉష్ణోగ్రత కూడా అప్పుడు 26 దగ్గర ఉంచవచ్చు, చిల్లర్ బిల్లు తగ్గుతుంది.

చేపలను ఎన్నుకునేటప్పుడు హేచరీలో పుట్టినవా అని అడగాలి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ విళింజం, మండపం కేంద్రాలు, తమిళనాడులోని పరంగిపేటలో అన్నామలై విశ్వవిద్యాలయ సముద్ర జీవశాస్త్ర కేంద్రం క్లౌన్ చేపల పెంపకాన్ని చాలాకాలంగా నడుపుతున్నాయి. తొట్టిలో పుట్టిన చేప గుళికల మేత తింటుంది, జబ్బులు తక్కువ తెస్తుంది. హైదరాబాదు నుంచి జాతీయ రహదారి 65 మీద సూర్యాపేటకు రెండున్నర, కోదాడకు మూడు గంటలకు పైగా ప్రయాణం. వేసవిలో ఆక్సిజన్ నింపిన సంచులను థర్మోకోల్ పెట్టెలో పెట్టి తెల్లవారుజామున తేవాలి. ఇంటికి వచ్చాక విడి తొట్టి నీటిని సన్నని గొట్టంతో చుక్కలుగా సంచి నీటిలోకి వదులుతూ, గంటసేపు అలవాటు చేసి, సంచి నీరు పారబోసి చేపను మాత్రమే ఆ తొట్టిలోకి దించాలి.